ఎలక్ట్రిక్ సైకిళ్ల రిపేర్లపై మా దుకాణం మాట

మా దుకాణంలో సైకిళ్లు బాగుచేయించుకునే వారందరికీ నమస్కారం. హైదరాబాదులో మా నాన్నగారి కాలం నుంచి ఈ పనే చేస్తున్న మేము ఈ వర్షాకాలంలో నాలుగు ఎలక్ట్రిక్ సైకిళ్ల విషయంలో చేతులెత్తేశాము. వాటిలో ఒకటి మా దగ్గర 47 రోజులు పడి ఉంది. అది మా వల్ల కాదని మూడో రోజుకే అర్థమైనా, ఆ మాట చెప్పడానికి అభిమానం అడ్డొచ్చి, రేపు రండి, ఎల్లుండి రండి అంటూ యజమానిని తిప్పుకున్నది నేనే. అందువల్ల ఇకపై ఏ పని ఒప్పుకుంటామో, ఏది ఒప్పుకోమో ముందుగానే తెలియజేస్తున్నాను.

మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉండడం వల్ల రిజిస్ట్రేషను అక్కరలేకుండా అమ్ముడయ్యే ఈ సైకిళ్లు చూడడానికి ఒకే రకంగా ఉంటాయి గానీ, విప్పితే రెండు రకాలు. మొదటి రకంలో మోటారు చక్రం మధ్యలో ఉంటుంది, మోటారుకు కరెంటు అందించి అదుపుచేసే కంట్రోలరు విడిగా ఒక డబ్బాలో ఉంటుంది. మోటారు కాలిపోయిందని మా దగ్గరకు తెచ్చిన ఇలాంటి వాటిలో చాలా వాటికి మోటారు నిక్షేపంగానే ఉంటుంది. బ్రేకు పిడిలోని చిన్న స్విచ్చి ఇరుక్కుపోతే, బ్రేకు పట్టుకునే ఉన్నారనుకొని కంట్రోలరు మోటారును తిరగనివ్వదు. వానలో తడిసి కనెక్టరు పిన్నులకు పచ్చటి చిలుము పట్టినా ఇంతే. చక్రం చేత్తో తిప్పితే బిగుసుకున్నట్టుండి, మోటారు వైర్లు ఊడదీయగానే తేలిగ్గా తిరిగితే, లోపం సాధారణంగా కంట్రోలరుదే. వోల్టేజీ, కరెంటు సరిపోయే మరో కంట్రోలరు, దానికి నప్పే డిస్‌ప్లే వేసి బండిని నడిపించవచ్చు. ఈ రకం సైకిళ్లను ఎప్పటిలాగే తీసుకుంటాము.

రెండో రకంలో డిస్‌ప్లే, కంట్రోలరు, బ్యాటరీ ఒకదానినొకటి గుర్తుపట్టాలి. ఆ 47 రోజుల సైకిలులో పాడైంది డిస్‌ప్లే ఒక్కటే. అదే మోడలు డిస్‌ప్లేను వేరే చోట సంపాదించి బిగించినా కంట్రోలరు దానిని ఒప్పుకోలేదు, ఒప్పించే సాఫ్ట్‌వేరును తయారీదారు బయటి దుకాణాలకు ఇవ్వనన్నారు. 2023 జూలైలో నెదర్లాండ్స్‌కు చెందిన ఎలక్ట్రిక్ సైకిళ్ల కంపెనీ వాన్‌మూఫ్ దివాలా తీసినప్పుడు, సర్వరు ఆగిపోతే ఫోనుతో తాళం తీయలేమని కొన్నవారు కంగారుపడగా, పోటీ కంపెనీ అయిన కౌబాయ్ వారు ఆ డిజిటల్ తాళంచెవులను దాచుకునే యాప్ చేసి ఇచ్చారు. ఆ వార్త చదివినప్పుడు అది మన ఊరి గొడవ కాదనుకున్నాను. ఈ రకం సైకిళ్లకు ఇకపై చెయిను, బ్రేకులు, టైర్ల పని మాత్రమే చేస్తాము.

ఇక బ్యాటరీ సంగతి. 36 వోల్టుల ప్యాకులో సెల్లులు 10 వరుసలుగా ఉంటాయి. ఒక్క వరుస నీరసపడినా లోపలి రక్షణ సర్క్యూటు మొత్తం ప్యాకును ఆపేస్తుంది. నిరుటి వరకు ఆ వరుస ఒక్కటే మార్చి ఇచ్చేవాళ్లం. కొత్త సెల్లులు పాతవాటితో సమంగా నిండవు, సమంగా దిగవు కనుక కొన్ని నెలలకే ఆ ప్యాకులు తిరిగి వచ్చేవి. అంతకంటే పెద్ద కారణం భయం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటల వల్ల పై లాడ్జిలో 8 మంది ప్రాణాలు పోయాయి. మా దుకాణం పైన కూడా ఒక కుటుంబం కాపురముంటోంది. కాబట్టి ప్యాకులు విప్పడం మానేశాము, ఉబ్బినవాటిని, నీళ్లలో మునిగినవాటిని దుకాణంలో పెట్టుకోము. కొత్త ప్యాకు ధర మీకు భారమని నాకు తెలుసు. ఇలాంటి తేలికపాటి వాహనాల బ్యాటరీలోని సెల్లులను సైతం బయటి మెకానిక్కు మార్చగలిగేలా ఉండాలన్న నియమం ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలుకు రావలసి ఉంది. అలా తయారైన ప్యాకు నా బల్ల మీదికి వస్తే ఈ నిర్ణయాన్ని మార్చుకుంటాను.

పరీక్షకు 200 రూపాయలు తీసుకుంటాము. రిపేరు చేయిస్తే అది బిల్లులో పోతుంది. మోటారున్న వెనక చక్రం పంచరుకు మామూలు సైకిలు కంటే ఎక్కువ ఎందుకని కొందరు అడుగుతున్నారు. వాషర్లు ఎలా తీశామో అలాగే బిగించకపోతే ఇరుసు తిరిగిపోయి మోటారు వైరు మెలిపడుతుంది. మా కుర్రవాడు ఒకసారి ఆ తప్పు చేయగా ఖర్చు మేమే భరించాము.

కొత్తది కొనబోయేవారు ముందుగా మోడలు పేరు, కంట్రోలరు ఉన్న చోటి ఫొటో పంపితే, అది మా చేతికి లొంగుతుందో లేదో ఊరకే చెబుతాను. విడి డిస్‌ప్లే ధర ఎంతో, అది స్టాకులో ఉందో లేదో అమ్మేవారినే అడగండి; వాళ్లు నీళ్లు నమిలితే నన్ను అడగనవసరం లేదు.

ఆ నాలుగు సైకిళ్లలో మూడింటి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. నాలుగో వారి ఫోను నంబరు మారినట్టుంది. నీలం రంగు సైకిలు, ముందు బుట్ట ఉంటుంది. మీరు ఇది చదివితే వచ్చి డబ్బు, బండి రెండూ తీసుకువెళ్లండి. మోటారు తిరగదు గానీ, తొక్కుకుంటూ వెళ్లేలా వెనక ట్యూబు మార్చి, చెయినుకు నూనె వేసి ఉంచాను.