ఛార్జర్ పనిచేస్తే చాలు, కార్లు మేమే కొనుక్కుంటాం

సంపాదకుడు గారికి,

ఎలక్ట్రిక్ కార్ల గురించి ఎవరు మాట్లాడినా ఒక్క ఛార్జికి 400 కిలోమీటర్లు వస్తుందా 500 వస్తుందా అన్న దగ్గరే ఆగిపోతున్నారు. రెండేళ్లుగా నడుపుతున్నవాడిగా చెబుతున్నా, అసలు టెన్షన్ అది కాదు. మొన్న రాత్రి బ్యాటరీలో 14 శాతం మిగిలి ఉండగా ఛార్జింగ్ స్టేషన్‌కి వెళ్తే ఒక మెషిన్ తెర నల్లగా ఉంది, రెండోది పనిచేస్తోంది గానీ దాని యాప్ వేరే, అది డౌన్‌లోడ్ చేసుకుని, ఓటీపీ కోసం ఎదురుచూసి, వాలెట్‌లో డబ్బులు వేసేసరికి పావుగంట పట్టింది. పెట్రోలు కొట్టించుకోవడానికి ఎవరైనా యాప్ వేసుకుంటారా? కార్డు గీకితే పని అయిపోవాలి.

సొంత పార్కింగ్ ఉన్నవాళ్లకి బాధ లేదు, 7 కిలోవాట్ల ఛార్జర్ పెట్టుకుంటే 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీ తెల్లారేసరికి నిండుతుంది. వీధిలో బండి పెట్టుకునేవాళ్ల సంగతేంటి?

ఫాస్ట్ ఛార్జింగ్ 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుందని, చలిలో హీటర్ వేస్తే రేంజ్, అంటే ఒక్క ఛార్జికి వచ్చే దూరం, పడిపోతుందని షోరూంలో నాకెవరూ చెప్పలేదు (నేనూ అడగలేదు లెండి). సెకండ్ హ్యాండ్ కొనేవాడి భయం ఇంకా పెద్దది. పెట్రోలు బండైతే ఇంజిన్ శబ్దం విని మెకానిక్ ఏదో ఒకటి చెబుతాడు, బ్యాటరీ లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి, మంచిదే, కానీ దాని సామర్థ్యం సాధారణంగా 70 శాతం కంటే కిందికి పడితేనే అది వర్తిస్తుంది. బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో బండి తిరిగిన కిలోమీటర్ల అంకె పక్కనే చూపించమనండి.

- ఎలక్ట్రిక్ కారు నడిపే ఒక పాఠకుడు