వార్షిక నివేదిక: పండుగలు, క్లేర్‌మాంట్ విహారం, తెలుగు బడికి చోటు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. సంక్రాంతి ముగ్గుల పోటీ ఆరుబయట పెడదామనుకుంటే వాన సాగనివ్వలేదు. హాల్లోనే ముగ్గులేయించాం, రాత్రి పది దాటాక కమిటీ వాళ్లమే గచ్చు కడిగాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతారు.

కాస్త ఎక్కువగా చెప్పాల్సింది వేసవి విహారం గురించి. ఈసారి ఇంగ్లండులోని సర్రేలో ఈషర్ దగ్గరున్న క్లేర్‌మాంట్ తోటకు వెళ్లాం. తోట చూడ్డానికి అంత దూరం ఎందుకని గొణిగినవాళ్లు కూడా, గుట్ట మీది బంగళా కథ విన్నాక మెత్తబడ్డారు.

ఆ ఎస్టేట్‌ను 1760ల చివర్లో కొన్నది రాబర్ట్ క్లైవ్. అవును, మన పాఠాల్లోని క్లైవే. అంతకు ముందే, 1765లో, మొఘల్ చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఈస్టిండియా కంపెనీ పేర ఫర్మానా సంపాదించాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి అందులోవే. మనలో చాలామంది తాతల ఊళ్లు అటువైపే కదా! క్లైవ్ అక్కడి పాత ఇల్లు పడగొట్టించి, తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్, ఆర్కిటెక్ట్ హెన్రీ హాలండ్‌ల చేత కొత్తది కట్టించుకున్నాడు. ఆ ముచ్చట తీరకుండానే 1774లో పోయాడు.

1816లో పార్లమెంటు ఆ ఇంటిని కొని బ్రిటిష్ యువరాణి షార్లెట్, లియోపోల్డ్ దంపతులకు ఇచ్చింది. మరుసటి ఏడాదే మృత శిశువును ప్రసవించి షార్లెట్ అక్కడే కన్నుమూసింది. ఆమెకు 21 ఏళ్లు. ఇది చెప్పినప్పుడు మన పెద్దమ్మలు కాసేపు మాట్లాడలేదు. 1848లో సింహాసనం పోగొట్టుకున్న ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ అక్కడ తలదాచుకుని, రెండేళ్లకు అక్కడే చనిపోయాడు. తర్వాత ఆ ఇల్లు విక్టోరియా రాణి కొడుకుకు దక్కింది. రాణి మనవడు జర్మనీ పక్షాన ఉన్నందుకు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది.

1930 నాటికి ఇల్లు ఖాళీ. పడగొట్టడానికి సిద్ధమైన వేళ దక్షిణ లండన్‌లోని ఒక బడి పాలకమండలి 30 ఎకరాలతో సహా కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో హాకర్ విమాన కంపెనీ ఇంజనీర్లు అక్కడ కూర్చుని డిజైన్లు గీశారు. ఇప్పటికీ అది బడే, కాబట్టి మేం లోపలికి వెళ్లలేదు. పాత కట్టడాలను, తోటలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చూసుకుంటున్న తోటలో, మెట్లు మెట్లుగా చెక్కిన పచ్చిక గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం.

తిరుగు బస్సులో ఒక పాప, "మన క్లాసుకి కూడా ఒక ఇల్లు కొనొచ్చు కదా?" అంది. అందరం నవ్వాం. కానీ ఈ ఏడాది తెలుగు తరగతులు మూడు హాళ్లు మారాయి. చివరిదాన్నీ వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. పిల్లలకు ఆటగానే ఉంది, టీచర్లకే టెన్షన్. అందుకే సొంత చోటు కోసం నిధి మొదలుపెట్టే ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చాం. అద్దెకు దొరికే గది ఏదైనా మీ ఎరుకలో ఉంటే ఈలోపే కార్యదర్శికి ఫోన్ చేయండి.