నాయనమ్మ, మనవరాలు

అమ్మలూ,

నవల నాలుగు అధ్యాయాలూ చదివాను. హయాత్ బక్షీ బేగంని ఎంచుకోవడం నచ్చింది. హయత్‌నగర్ మీదుగా విజయవాడకి అన్నిసార్లు వెళ్లాం, ఆ ఊరు ఆవిడ పేరునే వెలిసిందని మనకి ఎప్పుడైనా తట్టిందా! కానీ పాలల్లో విషం, పరదా చాటున కత్తి... ఎందుకే అవన్నీ? సీరియల్ చూస్తున్నట్టుంది. గోల్కొండ అంతఃపురంలో భయపడాల్సింది పెళ్లి మాటలకి.

గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీకి ఈవిడ ఒక్కతే వారసురాలు. 1612లో ఆయన పోతే గద్దె ఎక్కింది అల్లుడు, అంటే ఈవిడ భర్త. 1626లో ఆ భర్తా పోయాడు. పన్నెండేళ్ల కొడుకు అబ్దుల్లాని సుల్తానుని చేసి వెనక నుంచి చక్రం తిప్పింది. ఇదంతా నువ్వు బాగానే రాశావు.

తేడా వచ్చింది 1656 దగ్గర. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడని అబ్దుల్లా అతని కొడుకుని ఖైదు చేశాడు. దక్కన్ సుబేదారు ఔరంగజేబుకి ఆ సాకు చాలింది. అతని కొడుకు మహమ్మద్ సుల్తాన్ ముందుగా వచ్చిపడ్డాడు, హైదరాబాదు దోపిడీ అయిపోయింది. అబ్దుల్లా కోటలో దూరి తలుపులు వేసుకుంటే, ఈ పెద్దావిడే శత్రువు డేరాకి వెళ్లి కొడుకుని వదిలేయమని అడిగింది. కోటి రూపాయలు కడతామంది. మనవరాలిని మహమ్మద్ సుల్తాన్‌కి ఇస్తామంది.

నువ్వేమో ఆవిడ గెలిచి వచ్చినట్టు రాసి అధ్యాయం ముగించావు. ముట్టడి ఎత్తేయమని షాజహాన్ చేత ఫర్మానా పంపించడంలో ఔరంగజేబు అన్న దారా షికో చేయి కూడా ఉంది, అది మరిచిపోకు. అయినా నా బాధ అది కాదు. ఊరు దోచినవాడికే ఇచ్చిన ఆ పిల్ల నీ నవలలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. తర్వాత ఆ మొగుడి సంగతి చూడు: 1659లో తండ్రిని కాదని పెదనాన్న షుజా పక్షం చేరి, ఆయన కూతుర్నీ పెళ్లాడాడు. తిరిగొస్తే తండ్రే ఖైదులో వేశాడు. 1676లో ఖైదీగానే పోయాడు.

ఔరంగజేబుని ఒప్పించడానికి ఆవిడకి మాటలు దొరికాయి. మనవరాలికి ఏం చెప్పుంటుంది? అది రాయి. ఏడుపులు వద్దు, ఆవిడని రాక్షసిని చేయనూ వద్దు. నా పెళ్లి కుదిరినప్పుడు మా నాయనమ్మ "పిల్లాడు బుద్ధిమంతుడు" అని ఒక్క ముక్క చెప్పి వడియాలు తిప్పేయడానికి మేడెక్కింది. (మీ నాన్నకి ఇది చదివి వినిపించకు.)

అబ్దుల్లాకి కొడుకుల్లేరు. 1672లో గద్దె దక్కిన తానాషా కూడా ఆయన అల్లుడే. కాబట్టి ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లంటే రాజ్యం సంగతే, తెలిసే రాయి.

ఐదో అధ్యాయం పెద్ద అక్షరాల్లో పంపు, ఫోన్‌లో చదవలేకపోతున్నాను.

అమ్మ