ముందు చాప పరుచు, తర్వాత మైకు పెట్టు

బిడ్డా,

మొన్న ఫోన్‌ల నువ్వు చెప్పింది రెండు రోజులు మనసుల తిప్పుకున్న. కొలువు విడిచిపెట్టినవు, నీతోని ఇద్దరు దోస్తులు వస్తరు, జహీరాబాద్ దిక్కు ఊళ్ల ముచ్చట్లు ఆ ఊళ్లోళ్లే చెప్పుకునేటట్టు ఒక చానల్ పెడతం అన్నవు. మీ నాయిన భయపడ్డడు. నేను భయపడలేదు. కాని కెమెరాలు, డ్రోను, లైట్లు, గది కిరాయి అని అప్పు లెక్క చెప్పినవు చూడు, అక్కడ నా మనసు ఆగింది. ఫోన్‌ల చెప్తే నడుమ అందుకుంటవు, అందుకే రాస్తున్న.

నీకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు మూడో తరగతిల ఉన్నప్పుడు ఒక టీవీ నుంచి ఇద్దరు మన అంగన్‌వాడీకి వచ్చిన్రు. అప్పటికి రెండు నెలల నుంచి సరుకు రాక, ఇంట్ల జొన్నలు తీస్కపోయి పిల్లలకు గటక వండి పెడుతున్న. సరుకు ఎందుకు వస్తలేదో, ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్ననో ఇరవై నిమిషాలు చెప్పిన. రాత్రి టీవీల చూస్తే నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే మాట: "అవును, పిల్లలకు సరుకు లేదు." ఎనుక ఖాళీ డబ్బాలు చూపెట్టి, టీచరమ్మే పిల్లల కడుపు కొట్టిందన్నట్టు చెప్పిన్రు. తెల్లారి బోరింగు కాడ ఆడోళ్లు నాతోని మాట్లాడలేదు. వాళ్ల చేతిల కెమెరా మంచిదే, బిడ్డా. కాని వాళ్లకు మన ఊరికి మళ్లా వచ్చే పని లేదు. తెల్లారి నా మొఖం చూసే అవసరం లేనోళ్లు నా మాటను ఎక్కడ కోస్తే వాళ్లకేంది?

మాచనూరు సంఘం రేడియో నీకు యాదికుంటది. మాపటికి 90.4 పెట్టుకొని నేను రొట్టెలు చేస్తుంటే నువ్వు పక్కన కూసోని హోంవర్కు రాసుకునేదానివి. 2008 అక్టోబరు 15న మొదలైంది. పల్లెల ఆడోళ్లు, అందుల మస్తుమంది దళిత ఆడోళ్లు, సొంతంగ నడిపే రేడియో అని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోయిన్రు. అందరూ ఆ తారీఖే చెప్తరు. దానికి ముందటి పదేండ్లు ఎవ్వరూ చెప్పరు. నేను నీకు చెప్పాలనుకున్నది ఆ పదేండ్ల గురించే.

స్టూడియో 1998లనే తయారైంది, యునెస్కో సాయం చేసింది. లైసెన్సు లేదు. గాలిల పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది. అయినా సర్కారు 2002ల కాలేజీలకు, యూనివర్సిటీలకే తలుపు తీసింది. సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు తీసింది 2006 ఆఖరుకు. మరి అన్ని ఏండ్లు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే సంస్థతోని నడిచే సంఘాల ఆడోళ్లు తాళం వేసుకొని కూసున్నరా? లేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, పశువుల మందులు క్యాసెట్ల మీద ఎక్కించిన్రు. అవి సంఘాలకు తీస్కపోయి, పనులు అయినంక రాత్రి మీటింగుల టేప్‌రికార్డర్ పెట్టి వినిపించిన్రు.

అట్లాంటి రాత్రి ఒకటి నేను చూసిన. మీ అమ్మమ్మ ఊర్ల. కంది విత్తనం ఎట్ల దాచాలెనో టేపుల ఒకామె చెప్తున్నది, వేపాకు పెట్టాలె అని. చాప మీద కూసున్న ఒక ముసలామె చెయ్యి లేపింది. "ఆపు బిడ్డా. వేపాకొక్కటే పెడితే పురుగు ఆగదు, బూడిద కలపాలె. నా మాట కూడ ఎక్కియ్యి" అన్నది. టేపు తెచ్చిన పిల్ల అక్కడికక్కడ ఆ మాట రికార్డు చేసుకున్నది. టవర్ లేదు, లైసెన్సు లేదు, వినెటోళ్లు ఇరవై మంది. కాని వినెటోళ్లు దిద్దుతున్నరు, దిద్దిన మాట మళ్లా టేపులకు పోతున్నది. 2008ల, తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టుల తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి. సావంత్ గారే మాచనూరుకు వచ్చి రేడియో మొదలుపెట్టిన్రు. ఆ దినం కొత్తగ వచ్చింది లైసెన్సు మాత్రమే. రేడియో అంతకు ముందు నుంచే ఉన్నది.

ఆ సంఘాల ఆడోళ్లే వీడియో కూడ నేర్చుకున్నరు. బడికి పోనోళ్లు, కూలికి పోయేటోళ్లు. కెమెరా పై నుంచి కిందికి చూసేదానికి పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నరు. పటేలు గద్దె మీద కూసోని కింద నిలబడ్డోళ్లను చూసే చూపు అది. కండ్లకు కండ్లు సమంగ ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంల అందరు ఒక్క చాప మీదనే కూసుంటరు. నువ్వు కొంటనన్న డ్రోను ఏ షాట్ తీస్తదో ఒక్కసారి ఆలోచించు.

బీటీ పత్తి కొత్తగ వచ్చినప్పుడు ఆ ఆడోళ్లు వరంగల్ దాకా పోయి, విత్తు పెట్టిన కాడి నుంచి పత్తి ఏరేదాక అవే చేన్లకు మళ్లా మళ్లా పోయి తీసిన్రు. ఒక్కసారి పోయి తీస్తే రైతు ఆశ ఒక్కటే దొరికేది. మళ్లా పోయిన్రు గనుకనే ఆ ఆశ ఏమైందో కూడ దొరికింది.

యూపీల చిత్రకూట్ కాడ 2002ల ఖబర్ లహరియా అని ఆడోళ్లు బుందేలీ మాటల పేపరు పెట్టిన్రు. అంగన్‌వాడీ శిక్షణల మాకు చెప్పిన్రు ఆ ముచ్చట. వార్త తెచ్చుడు వాళ్లే, రాసుడు వాళ్లే, ఊరూరు తిరిగి అమ్ముడూ వాళ్లే. నాకు ఆ అమ్ముడే గొప్పగ తోచింది. తప్పు రాస్తే పేపరు కొనేటామె అక్కడనే నిలబెట్టి అడిగేది. చిత్తూరు దిక్కు పొదుపు సంఘాలోళ్ల నవోదయం పత్రిక కూడ అట్ల ఊళ్ల ఆడోళ్లు రాసిందే.

ఇంక పని మాటలు. సర్పంచు నీకు పంచాయతీ గది ఇస్తనన్నడట, మీ నాయిన సంబురపడ్డడు. వద్దు. ఆ గదిల కూసోని ఉపాధి కూలి పైసల గురించి ఎవ్వలూ నోరు తెరవరు. రచ్చకట్ట కాడ కూడ మొదలుపెట్టకు. అక్కడ మాదిగవాడ ఆడోళ్లు కూసోవడం నేను ఈ ఇరవై ఐదేండ్లల చూడలేదు. వాళ్లు రాని కాడ మైకు పెట్టి ఇది ఊరి గొంతు అంటే అబద్ధం అయితది. వాళ్ల వాడకు పో, రాత్రి పో. పొద్దుగాల పోతే ముసలోళ్లు, పసిపిల్లలు తప్ప ఎవ్వరూ దొరకరు.

పైసల సంగతి. అప్పు చెయ్యకు. అప్పు కట్టాలె గనుక ఎలచ్చన్ల పూట ఎవరో ఒకరి పైసలు తీసుకుంటవు, తర్వాత ఆయన ఊరి మీద వార్త చెయ్యలేవు. నీ ఫోను చాలు, మంచి మైకు ఒకటి నేను కొనిస్త. ఇంటికి నెలకు పది రూపాయలు ఇచ్చేటోళ్లు ముప్పై ఇండ్లు దొరికినంక గది మాట మాట్లాడు. పది రూపాయలతోని ఖర్చు ఎల్లది, నాకు తెలుసు. కాని పది రూపాయలిచ్చినామె నిన్ను ఆపి అడుగుతది, అందుకు కావాలె అవి. రేడియో లైసెన్సు గురించి కూడ అడిగినవు. సంఘాల రేడియోల సొంత వార్తలు చెప్పొద్దని నియమం ఉన్నది. నువ్వు వార్తలే చేస్తనంటున్నవు, గనుక ఇప్పటికి ఫోన్‌ల ఉన్న తొవ్వే మంచిది.

ఇంకొకటి మాత్రం నా కోసం చెయ్యి. ఎవ్వల మాట కోసినా, బయటికి పంపే ముందు ఆ మనిషికి వినిపియ్యి. "నేను అన్నది ఇదేనా" అని ఆమెనే చెప్పనియ్యి. ఆ దినం నాకు ఎవరన్న అట్ల వినిపిస్తే బాగుండు అని ఇప్పటికీ అనిపిస్తది.

గురువారం రాత్రి ఎనిమిదింటికి కింది వాడల సంఘం కూసుంటది. నువ్వు వస్తవని చెప్పిన. కెమెరా తెస్తదా అని అడిగిన్రు, తేదు, వట్టి చేతులతోనే వస్తది అని చెప్పిన. పోయినేడు వడగండ్లకు మామిడి రాలిన ముచ్చట, పరిహారం ఎవరికి వచ్చింది ఎవరికి రాలేదు, వాళ్ల దగ్గర లెక్కంతా ఉన్నది. బస్సు ఆరింటికి దిగుతవు గద, ఇంట్ల రొట్టె తిని ఇద్దరం కలిసి పోదం.

మీ అమ్మ