పెయింట్ పొరలుగా ఊడిపోతున్న కారు గురించి కంపెనీకి ఫిర్యాదు

తిరుపతి,
ఫిబ్రవరి 10, 2025.

కస్టమర్ కేర్ విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: 2019 మోడల్ తెల్లరంగు కారు టాప్, బానెట్ మీద ఫ్యాక్టరీ పెయింట్ ఊడిపోవడం, వెనక డోర్ బీడింగ్ లోపం, సెకండ్ హ్యాండ్ బండి అని చెప్పి మీ డీలర్ నా ఫిర్యాదు తీసుకోకపోవడం గురించి.

అయ్యా,

నేను తిరుపతిలో ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. 2023 జూన్‌లో చిత్తూరులో ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర మీ కంపెనీ కారును రూ.4.60 లక్షలకు కొన్నాం. పాకాలలో ఉండే మా అత్తయ్యను నెలకు రెండుసార్లు తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికి తీసుకొచ్చి, చూపించి, మళ్లీ ఇంట్లో దిగబెట్టాలి. బస్సెక్కి దిగే ఓపిక ఆమెకు లేదు. అందుకే కొంత అప్పు చేసి మరీ కొన్నాం. కొనేముందు చూడాల్సినవన్నీ చూశాం. సర్వీసు బుక్కులో ప్రతి సర్వీసూ మీ డీలర్ వర్క్‌షాపులోనే జరిగినట్టు ముద్రలున్నాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఒక్కటి కూడా లేదు. మొదటి ఓనరు ఇంటి దగ్గర రేకుల షెడ్డులో పెట్టుకున్న బండి అది.

నిరుడు మే నెలలో వాటర్ వాష్ చేయిస్తుంటే అక్కడి అబ్బాయి పిలిచి చూపించాడు. ముందు అద్దానికి పైన, టాప్ అంచున రూపాయి బిళ్లంత మేర పెయింట్ లేచి ఉంది. గోరుతో తాకితే పాతగోడ సున్నంలా పొడిగా రాలలేదు. పల్చటి ప్లాస్టిక్ కాగితంలా పొరగా వచ్చేసింది. ఆగస్టుకల్లా అది అరచేయంత అయింది. దసరా సెలవుల్లో అత్తయ్యను ఎక్కించుకుని వస్తుంటే చంద్రగిరి దగ్గర నెత్తి మీద టపటపమని ఒకటే చప్పుడు. టైరుకేమైనా అయిందేమోనని భయపడి పక్కకు ఆపాం. దిగి చూస్తే చేటంత పెయింట్ ముక్క గాలికి లేచి కొట్టుకుంటోంది. ఇప్పుడు టాప్‌లో సగం, బానెట్ ముందు అంచు మొత్తం బూడిదరంగులో కనబడుతున్నాయి.

మీ డీలర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సర్వీసు అడ్వైజర్ బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "మామిడిచెట్ల కింద పెట్టుంటారు మేడం, ఆ జీడి పడితే ఇంతే" అన్నారు. మా జిల్లాలో మామిడి జీడి సంగతి తెలియనివాళ్లు ఉండరు. అది పడిన చోట మచ్చ కడుతుంది, కొన్నాళ్లకు ఆ మచ్చ వరకే పెయింట్ తింటుంది. జానెడు పొడవు పొరను జీడి ఎలా లేపుతుందో ఆయన చెప్పలేదు. రెండోసారి వెళ్తే ఎండ అన్నారు. తరవాత వారంటీ అయిపోయిందన్నారు. ఆఖరికి, "అయినా ఇది మీరు షోరూమ్‌లో కొన్న బండి కాదు కదా మేడం" అన్నారు. ఆ మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఫిర్యాదు నంబరు అడిగితే ఇవ్వలేదు.

అందుకే నేనే విచారించుకున్నాను. రేణిగుంట రోడ్డులో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపే ఒక మేస్త్రీ ముప్పయ్యేళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. ఆయన పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి బండంతా చూశారు. డోర్ల మీద 110 మైక్రాన్లు, టాప్ మీద ఊడని చోట 105, బానెట్ మీద కూడా అంతే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెయింట్ సుమారుగా ఇంత మందమే ఉంటుందట. మధ్యలో ఎవరైనా మళ్లీ పెయింట్ కొట్టించి ఉంటే మీటర్ 200 దాటేదని, సొట్టలు పూడ్చే పుట్టీ పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ చూపించేదని ఆయన చెప్పారు. కాబట్టి ఇది మీ ఫ్యాక్టరీలో పడిన పెయింటే. బయట ఎవరో చెడగొట్టిన పని కాదు.

మేస్త్రీ చూపించిన ఇంకొక విషయం మీ ఇంజనీర్లకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఈ-కోట్ వేస్తారు, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్. ఎండకు పాడైతే ముందు చెడేది పైనున్న క్లియర్ కోట్. మెరుపు పోతుంది, తెల్లగా పాలిపోతుంది, కొద్దికొద్దిగా పొట్టు లేస్తుంది. నా బండిలో క్లియర్ కోట్ ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. ఊడిన ముక్కలో క్లియర్ కోట్, రంగు, ప్రైమర్ మూడూ కలిసే వచ్చాయి. కింద ఈ-కోట్ నున్నగా, గీత కూడా లేకుండా ఉంది. అంటే ప్రైమర్ ఈ-కోట్‌ను పట్టుకోలేదు. ఆ రెండు పొరల మధ్య పట్టు ఫ్యాక్టరీలో పడాల్సిందే తప్ప, బండి వాడేవాళ్ల చేతిలో లేదు.

ఎండ ప్రభావం అసలు లేదని నేను అనడం లేదు. నిలువుగా ఉండే డోర్లు బాగున్నాయి, ఎండకు ఎదురుగా ఉండే టాప్, బానెట్ మాత్రమే ఊడాయి. కానీ మే నెలలో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో ఈ ఊళ్లో షోరూమ్ తెరిచినప్పుడే మీకు తెలుసు. ఇక్కడ అమ్మే బండి ఇక్కడి ఎండకు తట్టుకోవాలి. అమెరికాలో టొయోటా కంపెనీ కొన్ని తెల్లరంగు మోడళ్లకు సరిగ్గా ఇదే లోపం వస్తే, ఎండ వల్ల ప్రైమర్‌కూ ఈ-కోట్‌కూ మధ్య పట్టు సడలుతోందని తానే ఒప్పుకుని, మామూలు వారంటీ దాటిన బండ్లకు కూడా పెయింట్ చేసి ఇచ్చింది. అది మీ కంపెనీ కాదు, అది మన దేశమూ కాదు. అయినా ఎండ అనే కారణం ఆ కంపెనీకి తప్పించుకునే దారి కాలేదన్నది నిజం.

ఇది అందం కోసం అడుగుతున్నది కూడా కాదు. ఈ-కోట్ ఎండను తట్టుకోలేదు, నేరుగా ఎండ తగిలితే కొంతకాలానికి పొడిపొడిగా అయిపోతుంది. ఆ తర్వాత తుప్పే. టాప్ గాడిలో వాననీళ్లు నిలిచే చోట ఇప్పటికే చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయి. మా ఊళ్లో పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. ఈ లోపల పని జరగకపోతే రేకే పోతుందని నా టెన్షన్.

రెండో లోపం ఎడమవైపు వెనక డోర్ రబ్బరు బీడింగ్. పైమూలలో అతుకు దగ్గర విడిపోయి, వాన పడితే కాళ్ల దగ్గర మ్యాట్ తడిసిపోతోంది. ఈ మోడల్‌లో ఇది మామూలేనని మీ వర్క్‌షాపు మెకానికే అన్నారు. మామూలని తెలిసినప్పుడు ఎందుకు సరిచేయలేదు?

ఇక సెకండ్ హ్యాండ్ మాట. ఫారం 29, 30 ఇచ్చి ఆర్సీ నా పేరు మీదకు మార్చుకున్నాను. ఆర్సీలో పేరు మారింది కానీ, పెయింట్ పడిన ఫ్యాక్టరీ మారలేదు. మొదటి ఓనరు దగ్గరే ఊడి ఉంటే ఆయనకు కూడా ఏదో ఒక కారణం చెప్పి పంపేవారేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను కోరేది ఇది. మీ పెయింట్ ఇంజనీర్‌ను తిరుపతికి పంపండి. నా ఎదురుగా మీటర్ పెట్టి చూసి, ఏ పొర దగ్గర పట్టు తప్పిందో రాసి సంతకం చేసి ఇవ్వాలి. లోపం మీదని తేలితే టాప్, బానెట్, ముందు అద్దానికి రెండు పక్కలా ఉన్న పిల్లర్లు ఈ-కోట్ దాకా గీకి, ప్రైమర్ నుంచి మళ్లీ వేసి, పెయింట్ బూత్‌లో పెట్టి ఆరబెట్టి ఇవ్వండి. ఊడిన చోట మాత్రమే టచప్ చేస్తామంటే ఒప్పుకోను, పక్కనున్న పొర కూడా రేపో మాపో లేచేదే. బీడింగ్ కొత్తది వేయాలి. నేను సొంతంగా చేయించుకుంటే బయట షెడ్డులో రూ.24,000, మీ డీలర్ దగ్గర రూ.41,000 అవుతుందని రాసిచ్చిన ఎస్టిమేట్లు రెండూ జత చేశాను. టీచర్ జీతంలో అప్పు కంతు కట్టుకుంటూ ఆ డబ్బు నేను తేలేను, తేవలసిన అవసరం కూడా నాకు లేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. రెండేళ్ల గడువు ఉంది, పెయింట్ మొదటిసారి లేచింది నిరుడు మేలోనే.

కారు శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఇంటి దగ్గరే ఉంటుంది. ఇంజనీర్ వచ్చే ముందు రోజు ఫోన్ చేయిస్తే చాలు. ఊడిన ముక్కలన్నీ తేదీలు రాసిన కవర్లలో దాచి ఉంచాను, ఆయనకు చూపిస్తాను.

ఇట్లు,
మీ వాహన యజమానురాలు,
తిరుపతి.

జత చేసినవి: ఆర్సీ కాపీ, సర్వీసు బుక్కు పేజీలు, మీటర్ రీడింగుల ఫొటోలు, టాప్, బానెట్, బీడింగ్ ఫొటోలు, రెండు ఎస్టిమేట్లు.