రైతుబజారులో ఆనపపాదు గుట్టు చెప్పిన అమ్మకు కృతజ్ఞతలు

గత శ్రావణమాసంలో మెహదీపట్నం రైతుబజారులో, మా మేడ మీది ఆనపపాదు పిందెలన్నీ వేలెడంత కాకముందే పసుపుబారి రాలిపోతున్నాయని నేను దుకాణదారుతో చెప్పుకుంటుండగా, పక్కనే కూరలు ఏరుకుంటున్న మీరు సంచి కింద పెట్టి ఎంతో ఓపికగా కారణం వివరించారు. అమ్మా, మీ పేరైనా అడగకుండా వచ్చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకొని మర్నాటికి వాడిపోతుందనీ, చీకటివేళ తిరిగే చిమ్మటలు మేడ దాకా రాకపోతే పుప్పొడి అందక పిందె నిలవదనీ మీరు చెప్పేవరకు నాకు తెలియదు. ఎరువు చాలడం లేదనుకొని తొట్టిలో పేడ ఎరువు వేస్తూనే ఉన్నాను. సన్నని కాడ మీద పూసేది మగపువ్వనీ, అడుగున బుల్లి కాయ ఉన్నది ఆడపువ్వనీ గుర్తుపట్టి, మీరు చెప్పినట్లే దీపాలు పెట్టే వేళ మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాను. ఆ పాదుకు 6 కాయలు నిలిచాయి.

ఒక కాయను కోయకుండా ముదరనివ్వమన్న మీ మాట మరింత విలువైనది. అది తీగ మీదా, ఆపై నీడలోనూ నెలల తరబడి ఎండి, ఊపితే గింజలు గలగలలాడిన రోజున, తొడిమ దగ్గర కోసి, లోపలి పీచు గీకి, పైపొరను గరుకు కాగితంతో రుద్ది బుర్ర తయారు చేశాను. మా బీర, చిక్కుడు విత్తనాలు ఇప్పుడు బూడిదతో కలిసి అందులోనే భద్రంగా ఉన్నాయి.

మీ కోసం గుప్పెడు ఆనపగింజలు పొట్లం కట్టి, ప్రతి ఆదివారం అదే దుకాణం దగ్గరికి తెస్తున్నాను.