మొదటి గంటన్నర మా పిల్లలకు వదిలేయండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి జిల్లాలో తమిళనాడును ఆనుకుని ఉన్న సత్యవేడు వైపు ఒక చిన్న బడిలో ఒకటి, రెండు తరగతులకు చెబుతున్నాను. ఉన్న టీచర్ని నేనొక్కదాన్నే. మూడు అర్జీలు ఇచ్చాను, జవాబు లేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మా పిల్లల్లో సగం మంది ఇంట్లో తమిళమే మాట్లాడతారు. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. 'గాలి' రాయమంటే మావాళ్ళు 'కాలి' అని రాస్తారు. వాళ్ళను తప్పుపట్టలేను, వాళ్ళ చెవికి అలాగే వినపడుతుంది. పక్కన కూర్చుని, వాళ్ళ చెయ్యి గొంతు మీద పెట్టించి పలికించాలి. అదిరితే గ, అదరకపోతే క. ఇది ఒక్కొక్కరికీ విడిగా చేయాల్సిన పని. బలపాన్ని పిడికిట్లో పట్టే పిల్లకి మూడు వేళ్ళతో పట్టుకోవడం రావడానికే వారాలు పడుతుంది. ఆ తర్వాత మ, య తేడా. గుణింతాలు. ఒత్తులు. అందరూ మొదట నేర్పే 'అమ్మ'లోనే కింద ఉన్న ఒత్తుకి మ పోలిక లేదు! ఎందుకని పిల్లలు అడుగుతారు కదా, చెప్పాలి కదా.

సరిగ్గా చెయ్యి పట్టి దిద్దిస్తుంటే ఫోన్ మోగుతుంది. హాజరు యాప్‌లో ఎక్కిందా? భోజనం ఫోటో ఏదీ? సిగ్నల్ కోసం గేటు దాకా పోవాలి. మొన్న ఒక పాప మొదటిసారి తన పేరు మొత్తం తనే రాసి, చూపిద్దామని పలక పట్టుకుని కూర్చుందట. నేను వచ్చేసరికి అరచేత్తో చెరిపేసింది. మళ్ళీ రాయమంటే రాయలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు సార్.

మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని నిపుణ్ భారత్ లక్ష్యం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన పథకం అది. 2026-27 గడువు. లక్ష్యం మంచిదే. కానీ తెలుగులో 'వెళ్ళాలనుకుంటున్నాను' కూడా ఒక్క మాటే. అంత మాట కూడబలుక్కుని చదవాలంటే ముందు అక్షరం చేతికి రావాలి. అది ఫోటోలతో రాదు.

ఇంకో టీచర్ని ఇవ్వండి. వెంటనే కుదరకపోతే పొద్దున మొదటి గంటన్నర ఏ ఫోటో, ఏ యాప్ మమ్మల్ని అడగకుండా ఆర్డర్ ఇప్పించండి. గంటన్నర చాలు సార్. పలకలు పట్టుకుని పిల్లలు నా కోసం చూస్తున్నారు.

ఇట్లు,
సత్యవేడు ప్రాంత ప్రాథమిక పాఠశాల టీచర్